గాలిమాస్టారి బొటనవేలు

బోర్డు నడుమ వంగింది. దాని మీద నిలబడ్డ మనిషి నీళ్లలో పడింది. రెండు క్షణాల్లో అయిపోయిన పనే గాని, గాలిమాస్టారి ఇంట్లో అది ఆరు రోజులుగా అవుతూనే ఉంది.

గాలిమాస్టారంటే టైర్ల షాపాయన. ముప్పై ఏళ్లుగా టైరును బొటనవేలితో నొక్కి గాలి ఎంతుందో చెప్పేస్తాడు. గేజీ పెట్టి చూడమన్నవాణ్ని పురుగును చూసినట్టు చూస్తాడు. పడింది ఆయన భార్య. ముందుగదిలో మిషను పెట్టుకుని బట్టలు కుట్టే మనిషి. ఏడాదిపాటు తలతిప్పు జబ్బుతో గోడలు పట్టుకుని నడిచింది. జబ్బు నెమ్మదించాక, నిలకడ కోసం కదిలే దాని మీద నిలబడడం సాధన చెయ్యమంది వ్యాయామం నేర్పే అమ్మాయి. చెరువూ, నిలబడి తెడ్డు వేసుకుంటూ పోయే ప్యాడిల్ బోర్డూ భార్యే ఎంచుకుంది. ఆయన సంబరపడిపోయి, దొరికినవాటిలో చవకదాన్ని, గాలి కొట్టుకునే రకాన్ని, తెచ్చిపెట్టాడు.

ఆదివారం పడింది. నడుము లోతు నీళ్లు, ఒంటి మీద లైఫ్ జాకెట్టు. దెబ్బేం తగల్లేదు. కానీ సోమవారం నుంచి మళ్లీ గోడ పట్టుకుంది.

"చవక సరుకు, వంగింది. నీ తప్పేం లేదు," అన్నాడాయన.

"ఊఁ," అందావిడ. ఆ ఊఁలో నమ్మకం వీసమెత్తు లేదు.

ఇంకో వారం ఇలాగే సాగితే గోడ వదలదని ఆయనకు తెలుసు. శనివారం షట్టరు దించి, చవక బోర్డును చుట్టి భుజానేసుకుని చెరువు గట్టుకు పోయాడు. అక్కడ బోర్డులు అమ్మేది, అద్దెకిచ్చేది ఆవిడ తమ్ముడే.

"మంచిది చూపించు. ఖరీదైనా సరే," అన్నాడు.

"ఇన్నాళ్లకు జ్ఞానోదయమైంది బావా. పోయిన నెల ఇదే ముక్క చెబితే నన్ను దొంగని చేశావు."

"నువ్వు దొంగవే. బోర్డు చూపించు."

బావమరిది నవ్వుతూ రెండు బల్లల మధ్య ఖరీదైన బోర్డును వంతెనలా పరిచి, నడిమధ్యన నిలబడి గెంతాడు. అది చలించలేదు. "రెండు పొరలు. బరువు తక్కువ, తిన్నగా పోతుంది, గాలికి పక్కకు లాగదు. ఇప్పుడు నీది తే."

చవకదానికి మోటారు పంపు తగిలించాడు. గాలి నిండి అది దానంతటదే ఆగాక, పరిచి ఎక్కాడు. కొంచెం దిగింది. కొంచెమే. మాస్టారు కళ్లు చిట్లించాడు.

"ఆదివారం ఇలా లేదే. అరటిదొప్పలా మడత పడింది."

"ఎంత కొట్టావు?"

"వేలితో చూశాను. రాయిలా ఉంది."

"గేజీ?"

"ముల్లు కదల్లేదు. పాడైపోయిందనుకున్నా."

బావమరిది బల్ల మీద కూలబడ్డాడు. "బావా, ఇది టైరు కాదు. లోపల వేల దారాలు పైభాగాన్నీ కిందిభాగాన్నీ పట్టి ఉంచుతాయి. ఐదు పాయింట్లకే వేలికి రాయిలా తగులుతుంది. దీంతో వచ్చే చేతిపంపు ముల్లు ఐదారు దాటితే గాని కదలదు. కావలసింది పదిహేను."

గాలిమాస్టారు తన బొటనవేలి వైపు చూసుకున్నాడు. అంటే ఆవిణ్ని పడేసింది చవక సరుకు కాదు, తన వేలు.

"అక్కకు చెప్పకు," అన్నాడు బావమరిది మెల్లగా. "నేరం చవకదాని మీదే ఉండనీ. కొత్తదాన్ని చూస్తే ధైర్యంగా ఎక్కుతుంది. నచ్చితేనే ఉంచుకోండి."

సలహా బాగానే ఉంది. రెండు బోర్డులూ ఆటోలో వేసుకుని ఇల్లు చేరేదాకా బాగానే ఉంది.

ఆవిడ కొత్తదాని అంచు మీద గోరు నడిపించింది. "అతుకు బాగుంది. దీని మీద పడనంటారా?"

"పడవు."

"పడితే?"

ఆయన చెప్పుల వైపు చూశాడు. "మొన్న నిన్ను పడేసింది నేనే," అని మొదలుపెట్టి, దారాలు, ముల్లు, పదిహేను, అన్నీ చెప్పేశాడు. "వేలితో చూసి చాలనుకున్నా. నాదే తప్పు."

ఆవిడ బోర్డు అంచు వదిలి ఆయన వైపు తిరిగింది. "నాకు తల తిరిగిందేమో అనుకున్నాను," అంది. "జబ్బు మళ్లీ వచ్చిందనుకున్నాను. బోర్డు వంగిందని మీరంటే, నన్ను ఊరుకోబెడుతున్నారనుకున్నాను."

"ఇప్పుడు?"

"గాలి విషయంలో మీరు తప్పొప్పుకోవడం ఈ ముప్పై ఏళ్లలో చూడలేదు. అబద్ధమైతే ఇంత కష్టపడి చెప్పరు." కళ్లు తుడుచుకుని నవ్వింది. "రేపు పాతదాని మీదే ఎక్కుతాను. కొత్తదాని మీద నిలబడితే, నిలబడింది నేనా బోర్డా అని మళ్లీ అనుమానం."

ఆదివారం పొద్దున్నే గట్టున కొత్తదాన్ని బావమరిది మోటారు పంపుకు అప్పగించి, పాతదానికి ఆయన చేత్తో పంపు కొట్టాడు. ముల్లు చూడడం ఆవిడ వంతు. "ఎనిమిది. అప్పుడే ఆయాసమా? పదకొండు. ఆగకండి." పదిహేను చేరేసరికి చొక్కా పిండేలా తడిసింది.

ఆవిడ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ఒక పాదం, తర్వాత రెండోది. ఆయన నడుము లోతు నీళ్లలో నిలబడి బోర్డును రెండు చేతులా పట్టుకున్నాడు. కింద బోర్డు కాస్త ఊగింది. ఆవిడ మోకాళ్లు కాస్త వంగి ఆ ఊపును సర్దుకున్నాయి.

"వదలండి," అంది.

"ఇంకాసేపు..."

"వదలండి. నాకు తెలుస్తోంది."

వదిలాడు. పది తెడ్లు వేసింది. బోర్డు ముక్కు పక్కకు తిరిగింది, సరిచేసుకుంది. ఇరవై. ఆగి, వెనక్కి తిరిగి, గట్టు మీదున్న తమ్ముడికి కేక వేసింది. "ఒరే, ఆ ఖరీదుది మీ బావకు ఇవ్వు. ఆయన బరువుకు ఇలాంటిది పదిహేనున్నా ఆగదు."

"నాకెందుకు?" అన్నాడు గాలిమాస్టారు.

"ఎంతసేపని ఒక్కదాన్నే తిరగను?"

బావమరిది ఖరీదైన బోర్డును నీళ్లలోకి తోశాడు. గాలిమాస్టారు దాని మీదికి బోర్లా పాకి, మోకాళ్ల మీద లేచి, రెండంచులూ గట్టిగా పట్టుకున్నాడు. బోర్డు కదల్లేదు. కదిలిందంతా ఆయన కాళ్లే. ఆవిడ నిలబడే వచ్చి పక్కన ఆగింది.

"లేవండి."

"ఇలా బాగానే ఉంది."

"తొందరేం లేదు," అందావిడ, తెడ్డు నీళ్లలో ఆనించి. "నేను ఇక్కడే ఉంటాను."