రావు గారి బల్ల మీదుగా లండన్‌కి

ఇలా దగ్గరికి జరగండర్రా. ఆ టీవీ గొంతు తగ్గించండి. ఉషా, ఆ బఠాణీలు ఇక్కడికే తెచ్చుకుని ఒలుచుకో, చేతులాడుతుంటే చెవులేం మూసుకుపోవు. మన కాంతమ్మ కోడలు మైథిలి లేదూ, వసంత్ కుంజ్‌లో మన వెనక బ్లాకు, ఆ పిల్ల సాకేత్‌లో ఉద్యోగం చేసిన రోజుల సంగతి. రెండువేల ఆరో, ఏడో. ఇందులో ఒక పెద్దమనిషి వస్తాడు. పెద్దమనిషి అని మర్యాదకి అంటున్నాను. ఎలాంటివాడో వింటే మీకే తెలుస్తుంది.

లండన్‌లో ఎవరింట్లోనో బట్టలుతికే మిషను ఆగిపోయిందనుకోండి. వాళ్ళు ఫోను చేస్తే అది సాకేత్‌లో, మైథిలి గదిలో మోగేది. మాటంతా ఇంటర్నెట్ తీగ మీదే. ఆ గదిలో కూర్చున్న పిల్లలందరినీ మైథిలే ఏరి తెచ్చుకుంది, మాట నేర్పింది, వాళ్ళకి పెద్ద దిక్కయింది.

అయితే ఆ తీగకి ఏం తెగులు పట్టిందో, ఇక్కడివాళ్ళు "హలో" అంటే అది దారిలో ఎక్కడో కూర్చుని టీ తాగి మరీ లండన్ చేరేది. అక్కడి ఆవిడ జవాబు లేదనుకుని "ఉన్నారా?" అనేది. ఆ "ఉన్నారా" ఇక్కడికి వచ్చేసరికి వీళ్ళు పేరడగడం మొదలెట్టేవాళ్ళు. రెండు మాటలూ గుద్దుకుని ఇద్దరూ ఆగిపోయి, మళ్ళీ ఇద్దరూ ఒక్కసారే మొదలెట్టేవాళ్ళు. చివరికి అవతలివాళ్ళు విసిగి ఫోను పెట్టేసేవాళ్ళు.

లండన్ కంపెనీ ఓపిక పట్టి పట్టి కబురు పంపింది. "శుక్రవారం మధ్యాహ్నం మేమే కూర్చుని వింటాం. మాటకీ మాటకీ మధ్య ఈ ఎడం ఇలాగే ఉంటే పని ఇంకొకళ్ళకి ఇచ్చేస్తాం" అని. పని పోతే ఆ గదే ఉండదు. మైథిలికి అన్నం సహించలేదు.

ఆ ఆఫీసుకి మేనేజరు సదాశివరావు. కేంద్ర ప్రభుత్వంలో ఏదో శాఖలో అండర్ సెక్రటరీగా రిటైరై ఇక్కడికొచ్చి కూర్చున్నాడు. మనిషి రిటైరయ్యాడు గానీ కుర్చీ కాలేదు. దాని వెనక తెల్ల తువ్వాలు, బల్ల మీద నొక్కే గంట, అన్నీ ఉండాల్సిందే. కంప్యూటరు గురించి ఆయనకి తెలిసిందల్లా దాని మీద దుమ్ము పడకుండా గుడ్డ కప్పాలని.

మైథిలి వెళ్ళి చెబితే ఆయన తేల్చింది ఏమిటంటే, "లైన్లో లోపం లేదమ్మాయ్. మీ పిల్లలకి ఇంగ్లీషు నోరు తిరగడం లేదు. మనసులో తెలుగులోనో హిందీలోనో అనుకుని, అప్పుడు మాట్లాడుతున్నారు. అందుకే ఆలస్యం" అని.

అని ఊరుకున్నాడా? సర్క్యులర్ తీశాడు. "ఫోనులో అడిగిన వెంటనే జవాబివ్వవలెను" అని గోడకి అంటించాడు.

నవదీప్ అని ఆ గదిలో గడుగ్గాయి. పుట్టింది పెరిగింది ఇక్కడే, తెలుగు సగం, హిందీ సగం. అది చదివి, "ఠీక్ హై దీదీ. రేపట్నించి వాళ్ళు అడక్కముందే చెప్పేద్దాం" అన్నాడు. మైథిలికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

సదాశివరావు ఇంకో తెలివి కూడా చూపించాడు. ఇంటర్నెట్ కంపెనీకి చెప్పి రెట్టింపు వేగం పెట్టించాడు. సినిమా బొమ్మలు దిగడానికి బాగానే దిగుతున్నాయి. "హలో" నడక మాత్రం మారలేదు. లైను మనిషి వచ్చి గోడ దగ్గరి డబ్బా చూసి, "హమారీ తరఫ్ సే సబ్ ఠీక్ హై, దీదీ" అని, మా వైపు అంతా బాగానే ఉందని చెప్పి పోయాడు. వాళ్ళు ఎప్పుడూ అదే అంటారు, ఇల్లు తగలబడుతున్నా అదే అంటారు. అందుకని మైథిలి నమ్మలేదు.

శుక్రవారం పొద్దున్నే, పిల్లలు ఫోన్లు ఎత్తకముందే వచ్చింది. కంప్యూటర్లో ఒక కేక ఉందిట, పింగ్ అంటారు. లండన్‌లో ఉన్న కంప్యూటరుకి కేకేస్తే, అది ఓయ్ అనేదాకా ఎంతసేపు పట్టిందో తెర మీద పడుతుంది. తన బల్ల దగ్గర్నించి కేకేసింది. ఓయ్ అనడానికి దానికి ఒళ్ళు బద్ధకం. గదిలో మిగతా కంప్యూటర్లన్నీ ఆపేసి మళ్ళీ కేకేసింది. అదే బద్ధకం. అంటే రద్దీ కాదన్నమాట. అప్పుడు ల్యాప్‌టాప్ చంకనపెట్టుకుని మెట్ల దగ్గరికి, లైను ఆఫీసులోకి వచ్చే చోటికి పోయి, అక్కడే తగిలించి కేకేసింది. నోట్లోంచి కేక వచ్చిందో లేదో ఓయ్ అంది!

బయట బాగానే ఉంది. తెగులు ఇంట్లోనే ఉంది.

కుర్చీ ఎక్కింది. నవదీప్ పైకప్పు పలక ఎత్తి పట్టుకుంటే తీగ వెంట చూసుకుంటూ పోయింది. మెట్ల దగ్గర్నించి నేరుగా గదిలోకి రావలసిన తీగ, పక్కకి తిరిగి సదాశివరావు కేబిన్‌లోకి దిగింది. అక్కడ్నించి ఇంకో తీగ బయల్దేరి గదికి వస్తోంది.

కేబిన్‌లోకి వెళ్ళి చూస్తే బల్ల కింద ఒక ముసలి కంప్యూటరు గుర్రుమంటోంది. దాంట్లోకి ఒక తీగ, దాంట్లోంచి ఒక తీగ.

"ఇదేమిటి సార్?"

"నేనే పెట్టించాను," అన్నాడాయన గొప్పగా. "ఆఫీసులోకి వచ్చేదీ పోయేదీ నా బల్ల మీదుగా పోవద్దూ? నా సర్వీసంతటిలో నా కంటపడకుండా ఒక్క కాగితం గది దాటలేదు."

"ఇవన్నీ మీరు చూస్తారా సార్?"

"చూడను. కావాలంటే చూడొచ్చు కదా. అదీ ముఖ్యం."

విన్నారా? చూడడుట! ఊరికే తన ముందు నుంచి పోవాలిట. ఆ ముసలి మిషను ప్రతి మాటనీ ఆపి, దానికి నకలు తీసుకుని, వైరస్ ఉందేమోనని తడిమి, అప్పుడు వదులుతోంది. తీగ ఎంత వేగం పెంచితే మాత్రం ఏం లాభం, మధ్యలో ఈయన గుమ్మం దగ్గర నిలబెడుతుంటే!

"ఇది మాట సార్, కాగితం కాదు. ఆగితే చచ్చిపోతుంది. దీన్ని పక్కకి తప్పిస్తాను."

"అచ్ఛా. నోట్ రాసి పెట్టు. పరిశీలిస్తాను."

"మధ్యాహ్నమే లండన్ వాళ్ళు వింటారు సార్!"

"అయితే పైన అర్జంట్ అని రాయి."

మైథిలి ఆయన మొహం వంక ఒక్కసారి చూసింది. తర్వాత చున్నీ నడుముకి బిగించి, ఆయన కుర్చీలో ఉండగానే బల్ల కిందికి దూరింది.

"ఏయ్! ఏమిటిది? ఎవర్నడిగి?"

"కాళ్ళు కాస్త పైకి పెట్టండి సార్."

ఆ మహానుభావుడు ఏం చేశాడనుకున్నారు? మేజోళ్ళ కాళ్ళు రెండూ ఎత్తి కుర్చీలో ముడుచుకున్నాడు. లాగెయ్యమంటే పేచీ, కాళ్ళెత్తమంటే విధేయత. ఆ పిల్ల రెండు తీగలూ పీకి, ఒకదానికొకటి చిన్న డబ్బీతో కలిపేసి, మోకాళ్ళు దులుపుకుంటూ బయటికొచ్చింది.

మధ్యాహ్నం లండన్ వాళ్ళు విన్నారు. ఎవరో ముసలావిడ, మిషను వంటింట్లో నీళ్ళు కక్కుతోందని ఫోను చేసింది. నవదీప్ ఏదో అన్నాడు, ఆవిడ వెంటనే నవ్వింది. నవ్వు నవ్వాల్సిన చోట రావడం ఆ గదిలో అదే మొదటిసారి. పని మీ దగ్గరే ఉంటుందని సాయంత్రానికి కబురొచ్చింది.

అప్పుడు కేబిన్‌లోంచి వచ్చాడు సదాశివరావు, చేతులు వెనక్కి కట్టుకుని. "చూశారా? సర్క్యులర్ పనిచేసింది!" అన్నాడు. సిగ్గుంటే అంటాడా! అంతటితో ఆగకుండా, "మైథిలీ, ఇంక ఆ తీగ ఎప్పట్లాగే నా మిషనుకి పెట్టించు" అన్నాడు.

"అలాగే సార్," అంది మైథిలి చాలా మర్యాదగా. "లండన్ మాటంతా నా మిషను మీదుగానే పోవాలి అని ఒక్క ముక్క రాసి, కింద సంతకం పెట్టివ్వండి. ఇప్పుడే పెట్టేస్తాను."

ఆయన కలం తీశాడు. మూత విప్పాడు. రేపు మళ్ళీ పని చెడితే ఆ సంతకం ఎవరిదని అడుగుతారో ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు? జన్మంతా పక్కవాడి చేత రాయించుకున్నవాడే గానీ, తను దేనికీ దొరికినవాడు కాడు. మూత పెట్టేశాడు.

"తొందరేముంది, చూద్దాం," అన్నాడు.

మర్నాడూ చూశాడు, మరుసటి నెలా చూశాడు. ఆ సంతకం పడలేదు, తీగ కదల్లేదు. మైథిలి గదిలో పిల్లలు ఒక్కరు కూడా ఉద్యోగం ఊడి ఇంటికి పోలేదు.

ఇదర్రా సంగతి. మరిచిపోకండి. రేపు మీ ఆఫీసుల్లో ఎవడైనా అన్నీ తన బల్ల మీదుగానే పోవాలంటే, పక్కవాళ్ళని కూర్చోబెట్టి ఈ కథ చెప్పండి. పేరు చెప్పడానికి మాత్రం మొహమాటపడకండి, సదాశివరావు అనే చెప్పండి.