తాడు పట్టిన అవ్వ

ఆ రోజు వినీలకు అన్నం సయించలేదు. ఎలా సయిస్తుంది మరి! సాయంత్రం తమ బడి జట్టు చేసిన బుల్లి రోబో బంతిని గీత దాటించి విసిరితేనే మైపాడు పిల్లలు నెల్లూరు రోబోల పోటీకి వెళతారు. లేదంటే ఆ అవకాశం చిల్లకూరు జట్టు తన్నుకుపోతుంది. పైగా బంతి విసిరే ఏర్పాటంతా వినీల బుర్రలో పుట్టిందే. తప్పిందా, జట్టులో ఉన్న ప్రత్యూష ఏడాది పొడవునా దెప్పుతుంది.

ఏర్పాటు ఇదీ. మోటారు తిరిగి ఇరుసుకు తాడు చుడుతుంది. ఆ తాడు, రబ్బరు కట్టిన రోబో చేతిని కిందికి వంచుతుంది. అప్పుడు మోటారు ఇరుసును వదిలి పక్కకు జరగాలి. జరిగితే ఇరుసు గిర్రున వెనక్కి తిరుగుతుంది, చెయ్యి లేస్తుంది, బంతి ఎగురుతుంది.

బళ్ళో కిటికీ అద్దాలు పగులుతాయని పరీక్ష సముద్రం ఒడ్డున పెట్టారు. అదే కొంప ముంచింది. వలలు బాగుచేసుకునే జనమంతా పని మానేసి చుట్టూ మూగారు. అందరికంటే ముందు వినీల అవ్వ పిచ్చమ్మ!

నెల్లూరు నుంచి వచ్చిన సుశీల్ కుమార్ సారు విజిల్ ఊదాడు. "మూడు అవకాశాలు. రోబోను ఎవరూ ముట్టుకోకూడదు."

వినీల రిమోట్ నొక్కింది. తాడు బిగిసింది, చెయ్యి వంగింది. పక్కకు జరిపే బటన్ నొక్కితే మోటారు మూలిగిందే తప్ప కదల్లేదు. తాడు అంత బలంగా లాగుతుంటే మోటారు పళ్ళు, ఇరుసు పళ్ళు ఒకదాన్నొకటి కరిచి పట్టుకున్నాయి. ఒక అవకాశం గంగలో కలిసింది.

రెండోసారీ అదే మూలుగు. పిచ్చమ్మ ఇక ఆగలేకపోయింది. బిగిసిన తాడు కళ్ళబడితే ఆ ఒడ్డున వలలు లాగి పెరిగినవాళ్ళ చేతులు ఊరుకోవు. "అయ్యో, ఒక్కరూ పట్టరేందిరా!" అంటూ ఉరికి, తాడు పట్టి ఇరుసు వైపుకు లాగింది. టక్కుమని మోటారు జరిగింది. తాడు ఆమె చేతిలోంచి జారింది. బంతి గీత దాటి ఎవరో ఎండుచేపలు ఆరబెట్టిన పట్ట మీద పడింది.

జనం ఈలలు వేశారు. సారు మాత్రం తల అడ్డంగా ఊపాడు. "చెయ్యి పడింది. చెల్లదు."

వినీలకు ఏడుపు తన్నుకొచ్చింది. "నిన్నెవురు పట్టమన్న్యారు అవ్వా? నా నోట్లో మన్ను కొట్టినావు గదా!"

పిచ్చమ్మ ముఖం చిన్నబోయింది. "నేనేం జేసినా మే? దాని బరువు రవ్వంత నేను పట్టినా, అంతే గదా."

వినీల ఏడుపు ఆపేసింది. నిజమే! అవ్వ బరువు పట్టగానే పళ్ళ పట్టు సడలింది. అవ్వ లేకుండా ఆ సడలింపు ఎవరివ్వాలి? మోటారే ఇవ్వాలి.

"ప్రత్యూషా, నేను మోటారును రెప్పపాటు వెనక్కి తిప్పుతా. అదే టయానికి నువ్వు పక్కకు జరిపే బటన్ నొక్కు."

"తాడు ఊడిపోతేనో?"

"పోతే పోనీ. ఎట్టాగూ మునిగేవుండాం."

రిమోట్‌ను ఇద్దరూ చెరో పక్క పట్టుకున్నారు. పిచ్చమ్మ రెక్కలను ఇద్దరు మనుషులు పట్టుకున్నారు. మోటారు తాడు బిగించాక ఒక్కసారి వెనక్కి తిరిగి, మూలగకుండా పక్కకు జరిగింది. బంతి గీత మీదుగా ఎగిరి వెళ్ళి అలల్లో పడింది. వినీల ఇసకలో కూలబడి సంతోషం పట్టలేక మళ్ళీ ఏడ్చింది.

"శనివారం పోటీకి ఆటో వస్తుంది. అందులో జట్టు నలుగురికే చోటు," అన్నాడు సారు, పేర్లు రాసుకుంటూ.

"ఈడ వల తాడు పట్టినోళ్ళకి చేపల్లో వాటా ఉంటాది సారూ," పిచ్చమ్మ అడ్డం తగిలింది. "మరి నా వాటా?"

"చోటు లేదమ్మా!"

వినీల లేచి వచ్చి అవ్వ నడుం చుట్టూ చెయ్యేసింది. "రాసుకోండి సార్. మా అవ్వను నా ఒళ్ళో కూచోబెట్టుకుంటా."