గేరు మీది చెయ్యి

పెనం మీద మూడో జొన్నరొట్టె తిప్పుతుండగా హాల్లోంచి మా మరిది చంద్రకాంత్ గొంతు వినబడింది. “అన్నా, ఫోర్ వీల్ డ్రైవ్ తీస్కుంటున్నవు, గది ఆటోమేటిక్ తీస్కుంటే ఏం మజా ఉంటది చెప్పు? ఘాట్‌ల గేరు మన చేతుల ఉండాలె.” దానికి మా ఆయన మహిధర్ నవ్వాడు. “అరె, లడఖ్ దాంక నడపాలెరా. క్లచ్ తొక్కి తొక్కి మోకాలు పోతది. ఆటోమేటిక్ అయితే ఎడమ కాలుకు పని లేదు, ఎడమ చేతికి పని లేదు. ఆరాంగ పోవచ్చు.”

ఎడమ చేతికి పని లేదు. ఆ మాట వినగానే నా వేళ్లు పెనానికి తగిలాయి. చురుక్కుమంది. కుళాయి కింద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. వంటింట్లో ఆడదానికి వేలు కాలడం ఎవరికీ వార్త కాదు కనుక హాల్లో మాటలు ఆగలేదు.

వారం నుంచి మా ఇంట్లో ఇదే చర్చ. మాది తాండూరు. నాపరాయి పాలిషింగ్ యూనిట్ ఉంది, దౌల్తాబాద్ దగ్గర కంది పండే పొలం ఉంది, ఇప్పుడు ఆయనకు టూరింగ్ పిచ్చి పట్టుకుంది. మైలేజీ, పికప్, బురదలో ఇరుక్కుంటే ఏది లాగుతుంది, కొండెక్కితే ఏది వెనక్కి జారుతుంది, అన్నదమ్ములిద్దరూ గొంతు చించుకుంటుంటే నేను చాయ్ మీద చాయ్ పెట్టాను. నన్నెవరూ అడగలేదు. అడగాల్సిన అవసరం వాళ్లకేం కనబడుతుంది? నేను బండి నడపను కదా. కానీ ఆ ఇంట్లో గేరు గురించి నా అంత ఆలోచించిన మనిషి మరొకరు లేరు.

ఎందుకో చెప్తాను. మహిధర్ ఇంట్లో నన్ను కొట్టడు. ఇంట్లో అత్తమ్మ ఉంటుంది, పక్కింటి కిటికీ ఉంటుంది, వచ్చేపోయేవాళ్లు ఉంటారు. ఆయన నన్ను బండిలో కొడతాడు. అద్దాలు ఎక్కించి, ఏసీ వేసి, పాటల సౌండు కాస్త పెంచి, కళ్లు రోడ్డు మీదే పెట్టి ఎడమ చేత్తో కొడతాడు. వెనక్కి తిప్పిన చెయ్యి నా కుడి చెంప మీద పడుతుంది. పిడికిలైతే తొడ మీద పడుతుంది. జుట్టు దొరికితే తలను డ్యాష్‌బోర్డుకు నొక్కిపెట్టి, ఎదురుగా లారీ వస్తే వదిలేసి గేరు మార్చుకుంటాడు. నీళ్ల బాటిల్ మరిచిపోయినందుకు, ఫోన్లో మా అక్కతో ఎక్కువసేపు మాట్లాడినందుకు, ఎవరో గ్రానైటు వ్యాపారి ఆయన ఫోన్ ఎత్తనందుకు. బండి దిగేసరికి తలుపు తీసి పట్టుకుని, “జర చూస్కుని దిగు” అంటాడు. “మీ ఆయన ఎంత ప్రేమనో, ఎప్పుడూ పక్కన కూసోబెట్టుకుంటడు” అని నేను పనిచేసే స్కూలు స్టాఫ్‌రూంలో తోటి టీచర్లు అంటారు. నాకు కుడి చెవి సరిగా వినబడదు. క్లాసులో పిల్లలు అటువైపు నుంచి ప్రశ్న అడిగితే తల తిప్పి ఎడమ చెవి ఇస్తాను. స్నానం చేస్తుంటే నీళ్లు పోయాయని చెవి డాక్టరుతో చెప్పాను.

అందుకే తాండూరు నుంచి వికారాబాద్ దాకా రోడ్డు నాకు గేర్లలో తెలుసు. ఊరు దాటేదాకా సిమెంటు లారీలు, రాళ్ల ట్రాక్టర్లు, ఒకటి రెండు మూడు రెండు. ఆ చెయ్యి ఖాళీ లేదు, నేను ఊపిరి పీల్చుకోవచ్చు. ధారూరు వైపు రోడ్డు సాఫు కాగానే ఐదో గేరు పడుతుంది. ఆ చెయ్యి గేరు మీంచి లేచి ఆయన తొడ మీదికి వస్తుంది. అక్కడి నుంచి నా వైపు జానెడు దూరం. అనంతగిరి ఘాట్ మొదలైతే మళ్లీ మలుపుకో గేరు. జనం ఆ ఘాట్‌కు భయపడతారు, లోయలోకి చూసి కళ్లు మూసుకుంటారు. నా ఒళ్లు కాస్త వదులయ్యేది అక్కడే.

ఇప్పుడు ఇరవై రోజుల ప్రయాణం. ఆయన ఫోన్లో రూటు చూపించి, “స్టవ్వు, కుక్కరు, సర్వపిండికి పిండి అన్ని పెట్టుకో, బయట తిండి నాకు పడది” అన్నాడు. బండి వెనక భాగమంతా నా వంటిల్లు. ముందంతా ఆయన చెయ్యి. అదీ ఆటోమేటిక్ అయితే ఒక్క మలుపు కూడా నాది కాదు.

అందుకే ఆ రోజు రొట్టెలు వడ్డిస్తూ అనేశాను. “గేర్లదే తీస్కోండ్రి.”

ఇద్దరూ తలెత్తి చూశారు. “చూసినవా అన్నా, వదిన నా పార్టీ” అని చంద్రకాంత్ బల్ల గుద్దాడు. మహిధర్ నవ్వుతూ, “నీకేం ఎర్కనే గేరు గురించి? కారం వెయ్యి” అన్నాడు. నేను ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. స్కూల్లో లీజర్ పీరియడ్లలో ఫోన్లో చదివిందంతా గబగబా అప్పజెప్పాను. దిగుడులో ఇంజను పట్టి ఉంచాలంటే గేర్లబండే నమ్మకమని, బ్యాటరీ పోతే తోసి స్టార్ట్ చేసుకోవచ్చని, కొండల్లో చెడిపోతే ఏ మెకానిక్కయినా విప్పగలడని చెప్పాను. చంద్రకాంత్ నోరు తెరిచి విన్నాడు. “అన్నా, నీకంటే వదినకే మస్తు ఎర్కున్నది” అన్నాడు. అది మెచ్చుకోలు. నన్ను చంపిన మెచ్చుకోలు.

సాయంత్రం మహిధర్ మార్కెట్‌కని నన్ను బండెక్కించుకుని, మార్కెట్ దాటేసి ధారూరు రోడ్డెక్కించాడు. ఐదో గేరు పడింది. “తమ్ముని ముంగట నాకు పాఠం చెప్తవా? టీచరమ్మవా?” మొదటి దెబ్బకు చెవిలో కుయ్యిమంది. రెండోది ముక్కు మీద పడింది. మూడోసారి నా జడ చేతికి చుట్టుకుని తలను కిటికీ అద్దానికి కొట్టాడు, ఒకసారి, రెండుసార్లు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. గొర్రెల మంద అడ్డం వస్తే వదిలేసి మూడో గేరులోకి వచ్చాడు, హారన్ కొట్టాడు, గొర్రెలకాపరికి చెయ్యెత్తి నమస్తే పెట్టాడు. వచ్చేటప్పుడు వంకాయలు కొన్నాం.

మా అత్త ఈశ్వరమ్మ నా మొహం చూసింది. ఏమైందని అడగలేదు. పసుపు, సున్నం కలిపి తెచ్చి కణత మీద రాస్తూ, “ఎనక సీట్ల కూసో బిడ్డ” అంది.

“ఏంది అత్తమ్మా?”

“ముందట కూసోకు. మీ మామ జీపుకు గేర్ రాడ్ గింత పొడుగుండె. అయినా చెయ్యి ఊకోలె. నేను పిల్లలను పట్టుకొని ఎనక కూసునుడు షురూ చేసిన. మా తోటికోడలు గట్లనే. గీ ఇంట్ల ఆడోళ్లు మర్యాదకు ఎనక కూసుంటరని ఊరంత అనుకున్నరు. అనుకోని.”

నాకు ఒళ్లు మండింది. పెళ్లయి పదిహేడేళ్లు. పదిహేడేళ్లుగా ఈవిడకు తెలుసు. నేను ముందు తలుపు తీసిన ప్రతిసారీ ఈవిడ గుమ్మంలో నిలబడి చూసింది. “మీ కొడుకును అడగొచ్చు గదా అత్తమ్మా” అన్నాను. ఆమె పసుపు గిన్నె తీసుకుని లేచింది. “అడిగితే బండ్ల నన్ను ఎక్కించుకుంటడు” అంది. ఆమె మీద నా కోపం సగమే పోయింది. మిగతా సగం ఇప్పటికీ ఉంది.

ఆదివారం వికారాబాద్ షోరూంకు వెళ్లాం. సేల్స్‌లో అంజలి అనే అమ్మాయి, పాతికేళ్లుంటాయేమో, ఆటోమేటిక్ బండి టెస్ట్ డ్రైవ్‌కు తీయించింది. బటన్ నొక్కితే స్టార్టయ్యే బండి కనుక తాళం తన జేబులోనే వేసుకుని, “ముందు సీట్ల నేను కూర్చోవాలె సార్, రూల్” అంది. “నా బిడ్డ కూసుంటది. నువ్వు ఎనక నుంచి చెప్పు” అన్నాడు మహిధర్. మా వర్షిత ఇంటర్ మొదటి సంవత్సరం. ఎగిరి ముందు సీట్లో కూర్చుంది. నేను అత్తమ్మ మాట విన్నాను. ఆయన వెనక సీట్లో కూర్చున్నాను. అంజలి నా పక్కన.

సిగ్గుపడుతూ చెప్తున్నాను, నాకు హాయిగా అనిపించింది. కాళ్లు చాపుకున్నాను. అనంతగిరి చెట్లను చూశాను. ఇన్నేళ్లుగా ఆ దారిన పోతూ నేను చూసింది ఆ చేతినే. బండి కొండెక్కుతుంటే గేరు మార్చిన కుదుపు లేదు, చప్పుడు లేదు. ఇంత తేలికైన పనికి ఇన్నేళ్లు ఎందుకు భయపడ్డానా అనుకున్నాను. మా అత్తలాగే ఒక పిల్లను ఒడిలో పెట్టుకుని కూర్చుంటే సరిపోయేది అనుకున్నాను. నేను ఖాళీ చేసిన సీట్లో ఎవరు కూర్చున్నారో అప్పటికి నా బుర్రకు ఎక్కలేదు.

అవతలివైపు దిగుడు మొదలైంది. ఆయన బ్రేకు మీద కాలు తియ్యడం లేదు. కాలుతున్న వాసన వచ్చింది. వర్షిత ముందుకు వంగి, “డాడీ, దిగేటప్పుడు బ్రేకే తొక్కొద్దంట. లివర్ పక్కకు జరిపి చిన్న గేర్ల పెడితే ఇంజనే ఆపుతదంట” అంది.

“కరెక్ట్ చెప్పింది సార్ పాప” అంది అంజలి.

ఆ చెయ్యి ఎప్పుడు లేచిందో నేను చూడలేదు. చప్పుడు విన్నాను, వినబడే చెవితో. వర్షిత తల అద్దానికి తగిలి వెనక్కి వచ్చింది. పళ్లకు వేయించిన క్లిప్పు పెదవిలో దిగబడి గడ్డం మీదికి రక్తం కారింది. పిల్ల ఏడవలేదు. చేతిలో పడ్డ రక్తాన్ని చూసుకుంటూ ఉండిపోయింది. స్టీరింగు వణకలేదు. ఆయన ఒంటి చేత్తో మలుపు తీశాడు, బండి సాఫీగా తిరిగింది. “అమ్మకే పుట్టినవు గదా, చెప్పకుంట ఎట్లుంటవు” అన్నాడు. చెయ్యి మళ్లీ లేచింది.

నేను రెండు చేతులతో ఆయన జుట్టు పట్టుకున్నాను. తలను సీటు మీదికి గుంజాను. లోయ ఉందని తెలుసు. తెలిసే గుంజాను. బ్రేకు పడింది, బండి రాళ్ల మీద జారి అంచున ఉన్న గట్టు రాయికి ఆని ఆగింది. ఆయన ఆ చేత్తో నన్ను అందుకోవాలని వెనక్కి చాచాడు. దొరికింది. మణికట్టు దగ్గర పట్టుకుని, రెండు సీట్ల మధ్యకు లాగి, మోకాలు ఆనించి వెనక్కి వంచాను. ఏదో కలుక్కుమంది. ఆయన కేక పెట్టాడు. అది విరిగిందో లేదో అప్పుడు నాకు తెలియదు. విరగాలనే వంచాను. చూపుడు వేలిని పళ్ల మధ్య పెట్టుకుని కొరికాను. నోట్లో ఉప్పగా తగిలేదాకా వదల్లేదు.

“దిగు” అన్నాను.

“నీ యవ్వ, ఇయ్యాల నిన్ను...” అంటూ కుడి చేత్తో తలుపు తీసి దిగాడు. తలుపు విసిరికొట్టి నా తలుపు దగ్గరికి వచ్చాడు. ఆయన హ్యాండిల్ పట్టుకునేలోపు టక్కుమని నాలుగు తలుపులూ లాకయ్యాయి. వర్షిత వేలు బటన్ మీద ఉంది. రక్తపు మరకతో.

ఆయన అద్దాన్ని పిడికిలితో గుద్దాడు. “తలుపు తియ్యే! ఇంటికెట్ల వస్తవో నేను చూస్త!” అంజలి చెప్పులు విప్పి, సీట్ల మధ్య నుంచి ముందుకు దూరి డ్రైవరు సీట్లో పడింది. అద్దం వేలెడు దించి, “ఇది షోరూం బండి సార్. జరుగుండ్రి” అంది. బండి వెనక్కి తీసి తిప్పింది. అద్దంలో మహిధర్ చెయ్యి పట్టుకుని రోడ్డు మధ్యలో నిలబడి కనబడ్డాడు. మలుపు తిరిగాక కనబడలేదు.

నేను చీర కొంగు చింపి వర్షిత పెదవికి అదిమిపెట్టాను. కొండ దిగాక అంజలి అడిగింది. “ఎటు పోదాం మేడం? దవాఖానకా, షోరూంకా?”

“ముందు దవాఖానకు. తర్వాత పోలీస్ స్టేషన్‌కు” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. “నువ్వు చూసినవు గదా అంజలి. చెప్తవా?”

“చూసిన మేడం. చెప్త.”

వర్షిత కొంగు గుడ్డను పెదవి మీంచి తీసింది. ఇన్నేళ్లు వెనక సీట్లో చెవుల్లో పాటలు పెట్టుకుని నిద్రపోతోందని నేను నమ్మిన పిల్ల. నా వైపు తిరిగి, రక్తం మింగి, చాలా మెల్లగా అంది.

“ఆమె చూసింది ఇయ్యాల్టిదే మమ్మీ. మొదటి నుంచి నేను చెప్త.”