నూట నలభై కొలతలు

మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కదాన్నే. కాబట్టి ఫోన్ మొరాయించినా, ఏదైనా కాగితం అర్థం కాకపోయినా పిలుపు నాకే వస్తుంది. ఆ శనివారం ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పానో లేదో, నాన్న కొట్లోంచి పిలిచారు.

నాన్న దర్జీ. బడి యూనిఫారాల ఆర్డర్ వచ్చి వారమైంది. నూట నలభై మంది పిల్లలు, పద్దెనిమిది రోజుల గడువు. గడువు తప్పితే వచ్చే ఏడాది ఆర్డర్ పెద్ద దుకాణానికి పోతుంది. కొలతల కాగితాలను ఫోటోలు తీసి పెట్టుకోమన్నది నేనే. అవి క్లౌడ్‌లోకి కూడా వెళ్తాయని, ఫోన్ పోయినా భయం లేదని చెప్పాను. నా మాట మీద నాన్న కాగితాలు పారేశారు.

ఇప్పుడు ఫోన్లో ఒక్క కొలతా లేదు.

జరిగింది అమ్మ చెప్పింది. ఫోన్ నిండిపోయిందని పొద్దున మెసేజ్ వచ్చిందట. పైన క్లౌడ్‌లో ఇంకో కాపీ ఉంది కదా అని నాన్న ఆ ఫోటోలన్నీ తీసేశారట. తీసేసినవి కొన్నాళ్లపాటు చెత్తబుట్టలో, అంటే ట్రాష్‌లో ఉంటాయి, వెనక్కి తెచ్చుకోవచ్చు. ఆ ధైర్యంతోనే తెరిచి చూశాను. ఖాళీ.

“అది కూడా ఊడ్చేశాను” అన్నారు నాన్న. కొట్టు మూసే ముందు నేల మీద ఒక్క గుడ్డముక్క ఉండనివ్వని మనిషి.

“మీ నాన్న శుభ్రత చూశావుగా” అంది అమ్మ, కాజాలు కుడుతూ. “ఇంట్లో మాత్రం తాగిన గ్లాసు తాగినచోటే ఉంటుంది.”

నవ్వే ఓపిక ఎవరికీ లేదు. నేను స్టూలు మీద కూలబడ్డాను.

“ఫోన్లో తీసేస్తే పైన ఎలా పోయింది తల్లీ?” అని అడిగారు నాన్న.

పైన ఏమీ లేదని చెప్పాను. ఎక్కడో ఒక పెద్ద భవనంలో వరసగా కంప్యూటర్లు ఉంటాయి. మన ఫోటోలు నెట్ ద్వారా వాటిలోకి చేరతాయి. ఫోన్‌కూ వాటికీ జత కలిపి ఉంచాం కాబట్టి, ఇక్కడ తీసేస్తే అక్కడా తీసేయమన్నట్టే. నిజంగా దాచుకోవాలంటే ఆ జతలో లేని మరో చోట విడిగా కాపీ పెట్టుకోవాలి.

నాన్న నా చేతిలోని ఫోన్ తీసుకుని చూశారు.

“అయితే రెండు గదులు కావన్నమాట. ఒకే గదిని రెండు కిటికీల్లోంచి చూశాను.”

“అంతే నాన్నా. ఈ మాట అప్పుడే చెప్పాల్సింది. తప్పు నాదే.”

“తప్పు సంగతి తర్వాత. సోమవారం సెలవు దొరుకుతుందా?”

సోమవారం ఇద్దరం బడికి వెళ్లాం. కొలతలు తన చేతులతోనే పోగొట్టానని నాన్న దాచకుండా చెప్పారు. ప్రిన్సిపాల్ మేడమ్ కళ్లజోడు తీసి నుదురు రుద్దుకున్నారు. పరీక్షలు దగ్గర పడ్డాయి, పాఠాలు ఆపడం కుదరదన్నారు. చివరికి ఆటల పీరియడ్ ఇచ్చారు. గడువు మాత్రం ఒక్క పూట కూడా పెరగదని తేల్చి చెప్పారు.

ఆట పోయిన పిల్లలు మూతులు ముడుచుకుని వరసలో నిలబడ్డారు. నాన్న మోకాళ్ల మీద కూర్చుని అంకెలు చెబుతుంటే నేను రాశాను. గంట కొట్టేసరికి నలభై రెండు మంది అయ్యారు.

“మిగతావాళ్లు రేపూ ఎల్లుండీ” అంటూ నాన్న గోడ పట్టుకుని లేచారు. నేను ఇంకో రెండు రోజుల సెలవు కోసం ఆఫీసుకు మెసేజ్ పెట్టాను.