తొడిమ లేని కాయ

బద్వేలులో ఉండే పద్మప్రియ సొంత వెబ్‌సైట్లో కథలు పెడుతూ, కింద ఫోన్ నంబరు కూడా ఇచ్చింది. మూడు నెలలకు మొదటి పాఠకురాలు ఫోన్ చేసింది, బనగానపల్లె మామిడితోట నుంచి లక్ష్మీదేవమ్మ.

"ఏమ్మా, నీ కథలో తోటలో పెరిగిన పిల్ల మామిడికాయను తొడిమ లేకుండా పీకుతుందా? సొన కారి మచ్చలు పడవా? తోట మొగం ఎప్పుడన్నా చూసినావా?"

"లేదమ్మా," అంది పద్మప్రియ సిగ్గుపడుతూ. "మిగతా కథ ఎట్లుండాది?"

"యాడ చదివినా? ఆడికే నిలిపేసినా."

ఉన్న ఒక్క పాఠకురాలూ సగంలోనే పోతుందేమోనని పద్మప్రియకు గుబులు పుట్టింది. కాయ ఎలా కోయాలో అడిగి, ఆమె లైనులో ఉండగానే ఆ వాక్యం తిరగరాసింది.

"ఇప్పుడు చూడమ్మా."

"ఉండు, మనవరాలి ఫోన్లో చూస్తాండా... ఆఁ, ఇట్ల కొయ్యాల!"

లక్ష్మీదేవమ్మ అక్కడినుంచి పైకే చదువుకుంటూ పోయింది. ఫోను పెట్టేయడం మరిచింది. పద్మప్రియ గుర్తుచేయలేదు.