నీళ్ళు తాగే మబ్బు

మా అత్తయ్య లాండ్రీకి పొద్దున రెండు గంటలు వచ్చే కుళాయి ఇప్పుడు అరగంటకే ఆగిపోతోంది. వెనక వీధిలో డేటా సెంటర్ వచ్చినప్పటి నుంచీ ఇదే తంతు. అది చాలక వాళ్ళు ఇంకో రెట్టు నీళ్ళకి అనుమతి అడిగారు. ఇస్తే మేం షాపు మూసుకోవాల్సిందే. అత్తయ్య ఫిర్యాదు పెట్టింది.

ఫిర్యాదు చేసినవాళ్ళు లోపలంతా చూశాకే దాని మీద చివరి సంతకం పెట్టాలట. చూపించి నోరు మూయించడానికేనని నా అనుమానం. నీళ్ళ ఇన్‌స్పెక్టర్, అక్కడి ఇంజనీరు ముందు నడిచారు. "ఇదేనమ్మా క్లౌడ్ అంటే" అన్నాడు ఇంజనీరు.

"అంటే ఏంటే అమ్మాయ్?"

"మబ్బు, అత్తయ్యా."

"మబ్బయితే నీళ్ళివ్వాలి గానీ తాగడమేంటి, చోద్యం కాకపోతే!"

ఇన్‌స్పెక్టర్ నవ్వాపుకోలేక దగ్గాడు.

తలుపు తెరుచుకుంది. కనుచూపు మేరా నల్లటి బీరువాలు, వాటి నిండా మిణుకుమిణుకుమనే పచ్చదీపాలు. కాళ్ళ కింద నేల సన్నగా అదురుతోంది. ఒక్క మనిషి అలికిడి లేదు. ఈ క్షణంలో లక్షలమంది మాటలు ఇందులోంచి పోతున్నాయని ఇంజనీరు చెబితే ఒళ్ళు ఝల్లుమంది. తిట్టుకుంటూ వచ్చినదాన్ని, చేతులు కట్టుకుని నిలబడిపోయాను.

అత్తయ్య గొంతు తగ్గించింది. "బాబూ, మా ఆయన పోయి రెండేళ్ళయింది. ఆయన పంపిన వాయిస్ మెసేజులు రోజూ వింటాను. అవీ ఇక్కడేనా?"

"ఇక్కడైనా ఉండచ్చు, ఇలాంటి ఇంకో చోటైనా ఉండచ్చమ్మా."

బీరువా వెనక నుంచి వేడిగాలి కొడుతోంది. ఇస్త్రీపెట్టె వేడి చూసే అలవాటు కొద్దీ ఆవిడ వేలు తడి చేసుకోబోయేసరికి ఇంజనీరు చెయ్యి అడ్డం పెట్టాడు. "తడి తగలకూడదమ్మా! ఈ వేడి చల్లార్చడానికే అన్ని నీళ్ళు. లేకపోతే ఇవన్నీ ఆగిపోతాయి."

అత్తయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇక మా ఫిర్యాదు గంగలో కలిసినట్టే అనుకున్నాను.

ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "దానికి తాగే నీళ్ళే కావాలా? మేం ఒక వాయి బట్టలు జాడించిన నీళ్ళల్లోనే తర్వాతి వాయి నానబెడతాం."

ఇంజనీరు నసిగాడు. "శుద్ధి చేసిన మురుగునీళ్ళయినా సరిపోతాయి. కాకపోతే వేరే పైపు వెయ్యాలి."

ఇన్‌స్పెక్టర్ పెన్ను తీశాడు. "ఆ షరతు పెట్టందే అనుమతి ఇవ్వద్దని రాస్తాను. లేదూ, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటారా?"

"రాయి నాయనా."

సంతకం పెట్టి, అత్తయ్య ఆ దీపాల వైపు తిరిగింది.

"ఏమండీ, ఏమనుకోకండి. కుళాయి కట్టెయ్యకుండా వస్తే మీరు బతికున్నప్పుడే ఊరుకోలేదు నేను."