నాలుగో చక్రానికి జ్వరం

"లీటరుకు ఏడు కిలోమీటర్లా! ఇది బండి కాదొదినా, తాగుబోతు. రేపే అమ్మేద్దాం," అన్నాడు మరిది.

ఊరూరా తిరిగి బాలింతలను చూడడానికి నర్సయిన వదిన ఏరికోరి కొన్న పాత పెద్ద బండి అది. అది పోతే మళ్ళీ బస్సుల కోసం పడిగాపులే.

ఆమె పిలిపించిన మెకానిక్ ఫిల్టర్ మార్చాడు, టైర్లలో గాలి సరిచూశాడు. ఏడు ఎనిమిది కాలేదు.

"ఇక ఇంజను విప్పాల్సిందేనమ్మా."

తెలియనప్పుడు విప్పెయ్యమనడం, అమ్మెయ్యమనడం మహా తేలిక!

"రోగి ఒంటిమీద చెయ్యయినా వెయ్యకుండానే కోసేస్తావా?" అని కసిరి, ఆమె బండిని కాసేపు తిప్పి తెచ్చింది. వార్డులో పిల్లల నుదుళ్ళు తాకినట్టు చక్రాలను ఒక్కొక్కటే తాకింది. మూడు గోరువెచ్చగా ఉన్నాయి. నాలుగోది చుర్రుమంది.

"దీనికి జ్వరం!"

మెకానిక్ జాకీ పెట్టి లేపి చేత్తో తిప్పబోతే ఆ చక్రం తిరగనంది. తుప్పు పట్టిన బ్రేకు దాన్ని వదలకుండా పట్టుకునుంది. ఇన్నాళ్ళూ ఇంజను ఆ బ్రేకుతో పెనుగులాడుతూ డీజిలు తగలేసింది.

"నాకెందుకు తట్టలేదమ్మా!" అని నవ్వేశాడు మెకానిక్.

బ్రేకు బాగుచేశాక వారం తిరిగి కొలిస్తే లీటరుకు పదకొండొచ్చింది.

"ఇప్పుడు అమ్ము చూద్దాం!" అంది నర్సు.

"అమ్మడమేంటొదినా? ఆదివారం నాకోసారి ఇయ్యి!"

"బస్సుందిగా, పో!" అంటూ పగలబడి నవ్వింది.